ఎదురు వచ్చేదెవరు

యువేషన్ పళ్ళు బాగుచేయించుకుంటున్నాడని తెలియగానే, లండన్ ప్రయాణం ఖాయమైందని డర్బన్ శివారు చాట్స్‌వర్త్‌లో ఆ వీధి వీధంతా తేల్చేసింది. అక్కడ పన్ను నొప్పొస్తే ప్రాణం మీదికొస్తుందని నెవిల్ చెప్పాడు. నెవిల్ అక్కడ రెండేళ్ళు ఉండి వచ్చిన స్నేహితుడు కాబట్టి ఇప్పుడు ఆ ఇంట్లో అతని మాటే వేదం. అతను చెప్పాడనే ఓవర్‌పోర్ట్‌లో వెతికి వెతికి ఉన్ని కోటు కొన్నారు. డర్బన్ ఎండలో దాన్ని తొడిగి చూసుకుంటుంటే యువేషన్‌కి చెమటలు కారాయి, కొట్టువాడికి నవ్వాగలేదు. అతను చెప్పాడనే సర్టిఫికెట్ల నకళ్ళన్నిటికీ పోలీస్ స్టేషన్‌లో ముద్రలు వేయించారు.

రంగు తేడా లేకుండా దక్షిణాఫ్రికా దేశమంతా బారులు తీరి తొలిసారి ఓటేసి మూడేళ్ళయింది. కొత్త ప్రభుత్వం బడుల లెక్కలు సరిచేస్తూ, ఇక్కడ టీచర్లు ఎక్కువయ్యారంది. పర్మనెంటు కాని యువేషన్‌ని ఇంటికి పంపేశారు. లండన్‌లో మాత్రం టీచర్లు చాలడం లేదట. కుర్రకారు రెండేళ్ళు తిరుగుతూ పనిచేసుకోవడానికి అక్కడివాళ్ళొక వీసా ఇస్తారు. అయితే పెళ్ళి కాకూడదు. అయినవాళ్ళయితే మొగుడూ పెళ్ళాలిద్దరూ అర్హులై కలిసి రావాలి. వయసు ఇరవై ఏడు దాటకూడదు.

యువేషన్‌కి ఇరవై ఆరు. అతని భార్య కష్మీరాకి ఇరవై ఎనిమిది. పిల్ల పెద్దదని పెళ్ళినాడు ముక్కున వేలేసుకున్నవాళ్ళకి మళ్ళీ పని తగిలింది.

కానీ కాగితం దగ్గరికొస్తే యువేషన్‌కి పెళ్ళే కాలేదు. గుడి హాల్లో అయ్యవారు మంత్రం చదివాడు, తాళి కట్టించాడు, ఊరంతా బిర్యానీ తిని చేతులు కడుక్కుంది. ఆ అయ్యవారికి సర్కారు లైసెన్సు లేదు కాబట్టి ఆ పెళ్ళి చట్టానికి కనబడదు. వాళ్ళవాళ్ళలో చాలామందికి ఇంతే. వచ్చే నెల ఆఫీసుకెళ్ళి రాయించుకుందామని కష్మీరా అంటూనే ఉంది, వచ్చే నెల రాకుండానే రెండేళ్ళు గడిచాయి. అప్పుడు బద్ధకమనిపించింది ఇప్పుడు అదృష్టమైంది. వీసా ఫారంలో 'పెళ్ళి కాలేదు' అన్న చోట యువేషన్ గుర్తు పెట్టాడు. కష్మీరా పక్కనే ఉండి చూసింది. రెండేళ్ళేగా, వచ్చాక రాయించుకుందాం అంది. అక్కడిదాకా ఇద్దరూ కలిసి చేసిన పనే.

వీసా ఆఫీసులో జరిగింది మాత్రం అతనొక్కడే చేసింది. ఫోటోల కవరు యువేషన్ బయట నెవిల్ కార్లోనే మర్చిపోయాడు. కష్మీరా పరుగున తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. లోపలి ఆవిడ నవ్వుతూ, ఎవరీ అమ్మాయి అని అడిగింది. స్నేహితురాలనొచ్చు. పక్కింటి పిల్ల అనొచ్చు. భయంలో నోరు ముందు నడిచింది.

"సిస్టర్," అన్నాడు.

కష్మీరా అప్పటికే తలుపు వైపు తిరిగింది. విన్నదో లేదో అతనికి తెలియలేదు. ఇంటికెళ్ళేటప్పుడు కార్లో మసాలాకి ఎండుమిరపకాయలు ఎన్ని కావాలో మాట్లాడింది తప్ప మరో మాట లేదు. అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. ఆ రోజు నుంచి ఆమె పెట్టిన అన్నం అతనికి సహించలేదు.

ఆమెకేమో అతని ప్రయాణమే లోకమైంది. ఎయిర్‌పోర్టులో పెట్టెలు విప్పి చూస్తారనీ, పెళ్ళి ఫోటో దొరికితే అదే విమానంలో తిప్పి పంపుతారనీ నెవిల్ బెదిరించాడు. ఆల్బమ్ ఆమే తీసి బీరువాలో పెట్టింది. అతని ఉంగరం తీయించాక వేలి మీద తెల్లటి చార మిగిలింది.

"బీచ్‌కెళ్ళి ఎండలో కూర్చో, మ్యాన్. ఆ చార పోవాలి," అని తరిమింది.

ఇద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే, మనం తెలుగులో చెప్పుకుంటున్నాం. ఆ ఇంట్లో తెలుగంటే మునియమ్మవ్వ. తల్లీతండ్రీ పోయిన యువేషన్‌ని పెంచింది ఆవిడే. బుద్ధిగా బీచ్‌లో చెయ్యి చాచుకుని కూర్చుంటే, తన చెయ్యి చూసి తనకే సిగ్గేసింది యువేషన్‌కి.

ప్రయాణం ముందు వారం అవ్వ మసాలా వేయించింది. కష్మీరా ఊరగాయ సీసాలకి మూతలు బిగించి, నూనె కారకుండా కొవ్వొత్తి కరిగించి చుట్టూ పోస్తోంది. ఘాటుకి ముగ్గురూ దగ్గుతున్నారు.

"మీ తాత పోయినప్పుడు సెరుకు తోటలో దొర ఏమన్నాడో తెలుసునా?" అంది అవ్వ గరిటె ఆపకుండా. "షాకాస్‌క్రాల్ ఊరి కాడ. సచ్చినోడి పెళ్ళాన్నని నేనంటే, కాయితమేదీ అన్నాడు. నువ్వు పెళ్ళాం కాదు, రూము ఖాళీ సెయ్యి అన్నాడు. పిల్లల్నేసుకుని రోడ్డు మీన నిలబడినాను."

"తెలుసవ్వా," అన్నాడు యువేషన్.

"తెలిసినోడివే. పెళ్ళాం కాదని ఆళ్ళన్నారు, ఆళ్ళ నోరది. మన నోటితో మనం ఏనాడూ అనుకోలే."

ఆవిడ ఎవర్నీ ఉద్దేశించి అనలేదు. అయినా ఆ మాట సూటిగా యువేషన్‌కే తగిలింది. ఆ దొర కాగితం లేదని అన్నాడు, తను కళ్ళెదుట మనిషిని చూసి అన్నాడు. దొరే నయం. లండనూ వద్దు, కోటూ వద్దు, రేపే ఆఫీసుకెళ్ళి రాయించుకుందాం అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు పాపం.

"కష్మీరా, ఒక మాట..."

ఫోన్ మోగింది. కష్మీరా మైనం చేత్తోనే ఎత్తింది.

"యెస్, ఉన్నాడు. నేనా?" అతని వైపు తిరిగి చూసింది. "సిస్టర్‌ని మాట్లాడుతున్నా."

రిసీవర్ అతనికి అందించి మళ్ళీ సీసాల దగ్గర కూర్చుంది. వీసా వచ్చింది, తీసుకెళ్ళమంటోంది అవతలి గొంతు. యువేషన్ థాంక్యూ అన్నాడు. పెట్టేసేలోగా ఇంకోసారి కూడా అన్నాడు.

"ఏదో చెప్పబోయావు?" అంది కష్మీరా తలెత్తకుండా.

"ఏం లేదు."

అవ్వ గరిటె ఆగింది. ఇంగ్లీషు మాట్లాడకపోయినా సిస్టరంటే ఏమిటో ఆవిడకి తెలుసు. మిరపకాయలు మాడుతున్నాయని కష్మీరాయే లేచి పొయ్యి కట్టేసింది.

బయల్దేరే రోజు నెవిల్ కారు గేటు ముందు ఆపి హారన్ కొట్టాడు. ఇరుగుపొరుగు బయటికొచ్చారు. ప్రయాణమయ్యేవాడికి ముత్తైదువ నీళ్ళ చెంబుతో ఎదురు రావాలి, మొగుడు పోయినది కంటబడకూడదు. అందుకే మునియమ్మ ఇన్నేళ్ళుగా ఎవరు ఏ ఊరికి బయల్దేరినా వంటింటి తలుపు వెనకే ఉండిపోయేది. ఇప్పుడూ అక్కడి నుంచే కేకేసింది.

"కష్మీరా, సెంబట్టుకుని ఎదురెల్లు!"

కష్మీరా చెంబు తెచ్చింది. ఎదురు వెళ్ళకుండా గుమ్మం పక్కనే ఆగింది. మెడలో తాళి ఉంది. ఆల్బమ్ తీసింది, ఉంగరం తీయించింది, దాన్ని మాత్రం తీయలేదు.

"నేనెవర్నని ఎదురు రావాలో ఆయన్నే చెప్పమను, అవ్వా. ఒక్క మాటంటే చాలు, వస్తాను."

వీధిలో అందరికీ వినబడేలాగే అంది. ఎంత చిన్న మాట అది! ఈ వీధిలో వీసా ఆఫీసువాళ్ళెవరూ లేరు. అయినా యువేషన్ చెయ్యి జేబులో పాస్‌పోర్టు మీదికి పోయింది.

"లేటవుతోంది, కష్మీరా," అన్నాడు.

ఆమె చెంబు గుమ్మంలో కిందపెట్టింది.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. తెల్లచీర కొంగు బిగించుకుని అవ్వ వచ్చింది. వంగి చెంబు ఎత్తుకుని, మెట్లు దిగి, వాకిట్లో మనవడికి ఎదురుగా నిలబడింది. పక్కింటావిడ అయ్యో అంది.

"అయ్యో లేదు గియ్యో లేదు," అంది మునియమ్మ. "కాయితంలో నాకు పెళ్ళే కాలేదుగా! మొగుడే లేనిది ముండెట్టా అవుద్ది? ఈడి లెక్కలో నాది మంచి ఎదురే. ఎల్లరా, నాయనా, ఎల్లు."

యువేషన్ పెట్టె ఎత్తుకుని ఆవిడ పక్క నుంచే కారు దాకా నడిచాడు. ప్రయాణమయ్యేవాడు వెనక్కి తిరిగి చూడకూడదంటారు. చూడటానికి అతనికి మొహమూ లేదు.