బేసి సంఖ్యల అధ్యాయం

మా మామగారితో నాకున్న ఇబ్బంది ఒక్కటే. ఆయన ఏ వస్తువునూ ఆ వస్తువుగా ఉండనివ్వరు. వంటింట్లో కుళాయి కారుతుంటే ప్లంబరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, కోసం నేను మూడు వారాలుగా ఫోన్లు చేస్తున్నాను. ఆయన దాని పక్కన కుర్చీ వేసుకుని, కాలం చుక్కచుక్కగా జారిపోవటం గురించి నాకు చెబుతారు. ఇడ్లీ పొంగకపోతే అది యుద్ధానంతర నిస్పృహ. సాంబారులో ములక్కాడ లేకపోతే అది ఉత్త లేమి కాదు, అర్థవంతమైన లేమి. ఏషియన్ షాపుకి ఈ వారం ములక్కాడలు రాలేదన్నది నా వివరణ. దానికి మార్కులు పడవు.

ఆయన పేరు రవీంద్రనాథ్. ఏలూరులో పీజీ కాలేజీలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఇంగ్లీషు చెప్పారు. అందులోనూ రెండో ప్రపంచ యుద్ధం తరవాతి పాతికేళ్ల బ్రిటిష్ నవల ఆయన సొంత జాగీరు. రేషను పుస్తకాల లండన్, బొగ్గు దొరకని చలికాలాలు, అద్దెగదుల్లో ఒంటరి టైపిస్టులు, సామ్రాజ్యం పోయాక పెన్షను మీద రోజులు నెట్టే మేజర్లు. మే నెలలో, కరెంటు పోయిన క్లాసులో, చెమట నోట్‌బుక్కు మీద పడుతుండగా మేం ఆ చలినంతా రాసుకున్నాం.

'మేం' అన్నాను కదా. ఆయనకు కోడలిని కాకముందు నేను ఆయన విద్యార్థినిని. నోట్సు తిరిగివ్వటానికి వాళ్లింటికి వెళితే తలుపు తీసినవాడు ఆయన కొడుకు శశికాంత్. ఆ తరవాతిది వేరే పేపరు; దాని సిలబసు ఇక్కడ అక్కర్లేదు.

ఆ సిలబసులో ఒక నవల ఉండేది. పేరు రాయను. రాస్తే మీలో ఒకరిద్దరికి పరీక్ష హాలు గుర్తొస్తుంది. రాసినావిడ యుద్ధం అయ్యాక జర్మనీలో రైను నది ఒడ్డున బ్రిటిష్ సైన్యం వాళ్ల ఆఫీసులో రెండేళ్లు టైపిస్టుగా పనిచేసింది. తిరిగి వెళ్లి మూడు నవలలు రాసి, ఎవరికీ పెద్దగా గుర్తు లేకుండా పోయింది. ఆ నవలలో తొమ్మిదో అధ్యాయం మొత్తం నాలుగే పేజీలు. బాంబులు పడుతుండగా ఒక వీధి వాళ్లు నేల కింద, గోడలకున్న కన్నాల్లోంచి పాకుతూ వెళతారు. మాటలు లేవు. సంఖ్యలు మాత్రమే ఉంటాయి. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. పదకొండు, పదకొండు, పదకొండు. పదమూడు మూడుసార్లు. పదిహేను మూడుసార్లు. పదిహేడు దగ్గర్నించి మాత్రం రెండేసి సార్లే.

మామయ్యగారు అప్పట్లో 'సార్'. ఆ నాలుగు పేజీలకి సార్ ఆరు రోజులు తీసుకున్నారు. అన్నీ బేసి సంఖ్యలే ఎందుకు? రెండుగా సమానంగా విడిపోని సంఖ్యలు గనక. యుద్ధంలో విరిగిన మనసుకి సమత్వం లేదు గనక. గోడలో కన్నం అంటే మళ్లీ పుట్టుక. మూడు రెండు కావటమంటే దేవుడు, దేవుడి కొడుకు, పవిత్రాత్మ అనే ముగ్గురిలో ఒకరి మీద నమ్మకం పోవటం. క్లాసంతా తలలూపింది. ఇంటర్నల్ పరీక్షలో నేను ఏం రాశానంటే, అవి ఇంటి నంబర్లు అయ్యుండొచ్చని. మూడోసారి లేకపోవటం అచ్చుతప్పు అయ్యుండొచ్చని.

ఇరవైకి ఆరు వచ్చాయి. పక్కన ఎర్ర సిరాతో 'లిటరల్ మైండ్' అని రాశారు. ఉన్నదాన్ని ఉన్నట్టు మాత్రమే చదివే బుర్ర అని. పేపరు ఇస్తూ అందరి ముందూ అడిగారు కూడా. "నేల కింద తలుపేదమ్మా, నంబరు వేయటానికి?" క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను, వేరే దారి లేదు కదా. ఎంఫిల్ అప్లికేషను తెచ్చి పెట్టుకున్నాను ఆ ఏడు. అది నింపలేదు. ఇలాంటి బుర్రతో దేనికని.

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. తరవాత ఆయన గైడు రాశారు. అరవై ఒకటో పేజీలో ఒక వాక్యం ఉంది: 'కొందరు అమాయక విద్యార్థులు వీటిని ఇంటి నంబర్లని భ్రమపడతారు.' ఆ కొందరూ నేనే. మూడు ముద్రణలుగా కోస్తా జిల్లాల పీజీ విద్యార్థులందరూ నన్ను చూసి నవ్వుకుంటున్నారు. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది, ఆయన దోసె కరకరలాడాలా మెత్తగా ఉండాలా అన్నది కూడా నాకు తెలుసు, ఆ వాక్యం గురించి మాత్రం ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఈ అక్టోబరులో ఆయన మా దగ్గరికి, అదే రైను ఒడ్డున ఉన్న కొలోన్‌కి వచ్చారు. వచ్చిన నాలుగో రోజు విజయవాడ పబ్లిషరు నుంచి ఫోనులోకి నాలుగో ముద్రణ ప్రూఫులు వచ్చాయి. దిద్దుబాట్లు సోమవారంలోగా పంపాలట. మా ప్రింటరులో నూట ఎనభై పేజీలు వేసుకుని, డైనింగు టేబులు మీద పరచుకుని, ఆయన కామాలు వెతుకుతున్నారు. నేను పప్పు పోపు పెడుతూ అరవై ఒకటో పేజీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. నాకు కావలసింది ఒక్కటే. ఆ వాక్యం కొట్టేయాలి. నేను అడక్కుండా కొట్టేయాలి.

అడగకూడదనుకున్నాను గాని, ఊరుకోవాలని అనుకోలేదు.

"మామయ్యగారూ, కాస్త బేకరీకి వెళ్లొస్తారా? మనది ఇరవై అయిదో నంబరు. బేకరీ ముప్పై మూడు, ఇదే వరస. మధ్యలో ఇళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లండి, దారి తప్పరు."

మా ఏలూరు ఇంటి నంబరు 23ఏ-4-12/1. దాని పక్కిల్లు 23ఏ-7-3. పోస్టుమాను తప్ప వేరెవరికీ అంతుపట్టని లెక్క అది. ఒక నంబరు పక్కన దాని తరవాతి నంబరే ఉంటుందంటేనే ఆయనకు ఇది స్వర్గం. ఇరవై ఆరు నుంచి ముప్పై రెండు దాకా అనుకుని ఏడిళ్లు లెక్కపెట్టారు. మూడిళ్లకే వచ్చిన బేకరీ దాటి, వీధి దాటి, ట్రామ్ స్టాపు దాకా వెళ్లి, నలభై నిమిషాలకు రొట్టె లేకుండా వచ్చారు.

"ఇక్కడ మనవైపు అన్నీ బేసి నంబర్లేనేం?" అన్నారు చెప్పులు విప్పుతూ.

"అవునా? నేనెప్పుడూ గమనించలేదు," అన్నాను. తొమ్మిదేళ్ల కిందట, ఈ వీధిలోకి వచ్చిన మొదటివారం, చేతిలో పాలప్యాకెట్లతో నడిరోడ్డు మీద ఆగిపోయి రెండువైపులా చూసుకుంటూ నిలబడినదాన్ని నేను.

మా సహస్రకి పద్నాలుగేళ్లు, ఫోనులోంచి తల ఎత్తలేదు. "తాతయ్యా, దాస్ ఇస్ట్ దోఖ్ నోర్మాల్, మామూలే కదా. ఒకవైపు ఆడ్, ఇంకోవైపు ఈవెన్. ప్రతి వీధీ అంతే."

ఆయన నేరుగా టేబులు దగ్గరికి వెళ్లారు. తరవాత అరవై ఒకటో పేజీ తీశారు. పెన్ను మూత తీశారు. నేను పోపుగరిటె పట్టుకుని అటే చూశాను. ఆయన మూత మళ్లీ పెట్టేశారు.

"పైన ఉంటే ఉండనీ. రచయిత్రి ఇక్కడి నంబర్లు చూసే ఉంటుంది, కాదనను. కానీ ఆ అధ్యాయం నేల కింద కదా అమ్మాయ్. నేల కింద తలుపు లేదు, నంబరు లేదు. అక్కడ బేసి అంటే బేసే."

ఇరవై నాలుగేళ్ల తరవాత మళ్లీ అదే ప్రశ్న. బియ్యం అయిపోయాయి, కెల్లర్‌కి వెళ్లాలన్నాను.

కెల్లర్ అంటే మా అపార్టుమెంటు కింది నేలమాళిగ. ఒక్కో ఇంటికీ చెక్కపట్టీలతో కట్టిన ఒక్కో గది. పై భవనం యాభైల్లో కట్టిందే గాని, కెల్లర్ అంతకు ముందు నుంచీ ఉన్నదట. మా గదిలో పది కిలోల సోనా మసూరి బస్తాలు, ఆవకాయ జాడీ, ఎప్పటికీ తీయని సూట్‌కేసులు ఉంటాయి. బరువు మోస్తానని మామయ్యగారు వెంట వచ్చారు. ఎదురు గదిలో కింది అంతస్తు ముసలావిడ ఫ్రౌ లిన్నార్ట్స్ బేరిపండ్ల సీసాలు సర్దుకుంటోంది. ఆమెకు ఎనభై ఎనిమిది. ఆ సీసాలు పైకి మోసేది నేనే గనక, మా మధ్య మంచి స్నేహం ఉంది.

మామయ్యగారు ఒక బస్తా జరిపి, వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

బస్తాల వెనక గోడ నేను తొమ్మిదేళ్లుగా చూస్తూనే ఉన్నాను. నడుం ఎత్తున ఒకచోట ఇటుకల రంగు వేరు. పాత ఇటుకలు నల్లగా, ఆ చతురస్రం మాత్రం ఎర్రగా ఉంటుంది. ఏదో పైపు మరమ్మతు అనుకున్నాను. ఆయన ఫోను లైటు వేసి ఆ ఎర్ర ఇటుకల పక్కన గోడని వేలితో రుద్దారు. దుమ్ము కింద పాలిపోయిన తెల్లరంగు. రెండంకెలు. ఇరవై ఏడు.

"మనది ఇరవై అయిదు కదా," అన్నారు మెల్లగా.

వెనకనుంచి ఫ్రౌ లిన్నార్ట్స్ చూసింది. "ఓ, అదా," అంది, పాత స్టూలు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా. "అది పక్కింటికి దారి."

జర్మన్‌లో ఆమె చెప్పింది, నేను తెలుగులో చెబుతూ వచ్చాను. యుద్ధంలో కెల్లర్ల మధ్య గోడలు పగలగొట్టి, మళ్లీ పలచగా ఒక్క వరస ఇటుకలు పేర్చి ఉంచేవారట. పైన ఇల్లు కూలి మెట్లు మూసుకుపోతే, సుత్తితో ఆ ఇటుకలు కొట్టి పక్కింటి కెల్లర్‌లోకి, అక్కణ్నించి ఆ పక్కింటికి. అప్పట్లో తన ఇల్లు ఇదే వీధిలో పందొమ్మిది. తనకు ఆరేళ్లు. అమ్మ తలమీద తడి దిండుగలీబు కప్పింది. పొగలో ఏమీ కనిపించదు. నేల కింద అన్నీ ఒకేలా ఉంటాయి, ఎవరింటి కింద ఉన్నామో, వీధి చివర ఇంకెంత దూరమో తెలియదు. అందుకే ప్రతి కన్నం పక్కనా అవతలి ఇంటి నంబరు, చీకట్లో మెరిసే రంగుతో.

"తలుపుకి వేసినట్టే," అందామె.

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. మామయ్యగారి ముఖం చూడలేదు. చూడాలని ఇరవై నాలుగేళ్లుగా అనుకున్నాను గాని, ఆ క్షణంలో చూడబుద్ధి కాలేదు.

"పైకి చదివేవాళ్లం," అంది ఫ్రౌ లిన్నార్ట్స్. "ముందున్న మనిషి నంబరు చెబుతుంది. మధ్యలో మా అమ్మ మళ్లీ చెబుతుంది. ఆఖరున కుట్టుపని ఫ్రౌ ఎంగెల్స్ చెబుతుంది. మా వీధిలో అలా అనుకున్నాం. ఆఖరు గొంతు వినిపిస్తే అందరూ వస్తున్నట్టు."

మామయ్యగారు గోడకి చెయ్యి ఆనించారు. తరవాత ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, తొమ్మిదో అధ్యాయం మొదలుపెట్టారు. పుస్తకం చూడక్కర్లేదు, ముప్పై ఒక్క ఏళ్లు చెప్పిన మనిషి.

"నైన్," అన్నారు.

ఫ్రౌ లిన్నార్ట్స్ నావైపు చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. "నోయిన్," అన్నాను, తొమ్మిది అని.

"నోయిన్," అందామె వెంటనే.

ఎవరూ చెప్పలేదు ఆమెకు. ఆ నవల సంగతే తెలియదు. ఎనభై ఏళ్ల కిందటి అలవాటు గొంతులోంచి దానంతటదే వచ్చింది. ఆయన పదకొండు అన్నారు. నేను అన్నాను. ఆమె అంది. పదమూడు. పదిహేను. బియ్యం బస్తాల మధ్య, చిన్న బల్బు కింద, ముగ్గురం మూడు గొంతులతో ఒక్కో ఇల్లూ దాటుతున్నాం. క్లాసులో ఆ నాలుగు పేజీలు ఎన్నిసార్లు చదివానో. ఒక్కసారి కూడా పైకి చదవలేదు.

"సెవెంటీన్," అన్నారు మామయ్యగారు.

"జీబ్‌త్సేన్," అన్నాను.

ఆమె నోరు తెరిచింది. ఆయన చెయ్యెత్తి ఆపారు. "పుస్తకంలో ఇక్కడ మూడోది లేదని చెప్పు. ఇక చివరిదాకా లేదని చెప్పు."

చెప్పాను. ఆమె తెరిచిన నోరు మూసుకుంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అయితే ఆఖరావిడ పోయింది," అంది.

కాసేపటికి మళ్లీ అంది. "మాకు మూడు గొంతులూ ముప్పై అయిదు దాకా వచ్చాయి. మా అదృష్టం."

అచ్చుతప్పు అని రాశాను నేను. ఎర్ర సిరాతో ఆయన కొట్టేసిన రెండు మాటల్లో ఆ ఒక్కదాన్ని కొట్టేయటం న్యాయమే. ఆ ఖాళీ జాగాలో ఒక మనిషి చనిపోయింది. ఆయన అక్కడ దేవుణ్ని వెతికారు, నేను కంపోజిటరుని తిట్టాను. ఒక్క వాక్యం కూడా వివరించకుండా, నాలుగు పేజీల అంకెల్లో ఆ టైపిస్టు అంతా రాసేసి పెట్టింది, చదివేవాళ్లు వస్తే వస్తారని.

"ఎవరు రాశారిది?" అని అడిగింది ఫ్రౌ లిన్నార్ట్స్. యుద్ధం తరవాత వచ్చిన ఒక ఇంగ్లీషు ఆవిడ అని చెప్పాను. ఆమె చాలాసేపు బేరిపండ్ల సీసా మూత తుడుస్తూ ఉండిపోయింది. "బాంబులు వేసిన విమానాలు వాళ్లవే," అంది చివరికి. "అయినా కూర్చుని ఎవరినో అడిగి ఉంటుంది. అడక్కుండా ఇది తెలియదు."

అది విన్నాక మామయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఆమెతో ఇలా చెప్పమ్మా. ఈ సందర్భాన్ని బట్టి చూస్తే, ఆ అధ్యాయపు ప్రతీకాత్మకతకు సంబంధించి ప్రచారంలో ఉన్న ఒక వ్యాఖ్యానాన్ని కొంతమేరకు పునఃపరిశీలించవలసిన అవసరం..."

"మామయ్యగారూ, అంత వాక్యం నా జర్మన్‌లో పట్టదు. చిన్నగా చెప్పండి."

ఆయన ఎర్ర ఇటుకల వైపు చూశారు. ఫ్రౌ లిన్నార్ట్స్ కర్రమీద రెండు చేతులూ పెట్టుకుని ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

"మా క్లాసులో ఒకమ్మాయి ఇవి ఇంటి నంబర్లని రాసిందని చెప్పు. ఆరు మార్కులేశానని చెప్పు."

"ఎవరా అమ్మాయి అని అడుగుతుంది."

"నువ్వేనని చెప్పు," అన్నారు. "తప్పు నాదని చెప్పు. ముప్పై ఒక్క ఏళ్లూ తప్పే చెప్పాను."