ఏంజెలినా నిద్రవేళ

అక్టోబరు ఆఖరి శనివారం, ముసలివాళ్ళని చూసుకునే మా కేర్‌హోమ్‌లో పొద్దుట్నించీ ఒకటే సంబరం. చలికాలం వస్తోందని ఆ రాత్రి దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఇంకో గంట హాయిగా పడుకోవచ్చని. మేనేజర్ డెనీస్ కనపడిన ప్రతివాళ్ళకీ ఆ శుభవార్త చెప్పుకుంటూ చివరికి నా దగ్గరికీ వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. వీళ్ళు సంబరపడుతున్న ఆ గంట నా కూతురి దగ్గర్నించి పోతోందని ఎవరికి చెప్పను?

ఇంగ్లండులో, ఈ నార్తాంప్టన్‌లో మేమిద్దరమే ఉంటాం, నేనూ మా ఆయన రత్నబాబూ. పాప ఏంజెలినా రేపల్లెలో మా అమ్మ దగ్గరుంది. ఇద్దరివీ షిఫ్టుల బతుకులే, పిల్లని చూసే దిక్కు లేక పది నెలలప్పుడు తీసుకెళ్ళి అమ్మ ఒళ్ళో పెట్టి వచ్చాం. ఇప్పుడు దానికి రెండేళ్ళు. ఫోన్ చేతికిస్తే చెవి దగ్గర పెట్టుకోదు, అమ్మ లోపలుందేమోనని వెనక్కి తిప్పి చూస్తుంది. అందుకని రోజూ నాలుగింటికి ఇంటికి రాగానే కోటైనా విప్పకుండా లాప్‌టాప్ ముందు కూలబడి, అమ్మ దగ్గర పెట్టొచ్చిన లాప్‌టాప్‌కి స్కైప్ చేసేదాన్ని. అక్కడ ఎనిమిదిన్నర. అన్నం తిని, మూతైనా కడిగించుకోకుండా తెర మీదికి వచ్చేసేది. ఆ అరగంట కోసమే నేను మిగతా రోజంతా ముసలివాళ్ళ పక్కలు మార్చేది. తొమ్మిదయిందంటే ఎవరు దిగొచ్చినా అది మేలుకోదు.

రేపట్నించి నేను ఇల్లు చేరేసరికి అక్కడ తొమ్మిదిన్నర. మార్చి చివరిదాకా అంతే.

"ఈ చలికాలం ఒక్కటీ గంట ముందొచ్చి గంట ముందు వెళ్ళిపోతాను," అని డెనీస్‌ని అడిగాను. క్రిస్మస్ దాకా ఎవరి డ్యూటీ ఎప్పుడో రోటా వేసేశానంది. "గంట మారేది అందరికీ కదా లీలా," అని భుజం కూడా తట్టింది. ఆ చెయ్యి తీసి అవతల పెట్టాలనిపించింది. నా వీసాకి స్పాన్సర్ ఈ కేర్‌హోమే, ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనివ్వరు, కాబట్టి నోరు మూసుకున్నాను.

ఇంటికొస్తే మా ఆయన ఇంకో రకం. "వారానికి రెండ్రోజులు సెలవేగా, ఆ రెండ్రోజులూ తీరిగ్గా మాట్లాడుకో," అన్నాడు. ఐదు రోజులు నా మొహం కనపడకపోతే, ఆ పిల్లకి నా దగ్గర సిగ్గు తీరేసరికే సెలవు కాస్తా అయిపోతుంది. ఆ మాట చెబితే, "ఒక్క గంటకి ఇంత రభసేంటి?" అన్నాడు. ఆ పూట కూర వేడి చెయ్యకుండానే పెట్టాను.

అమ్మ మాత్రం, "దానికేముందే, నేను పడుకోనియ్యకుండా ఆపుతాలే," అంది.

మొదట్లో ఆపింది కూడా. పిల్ల తూలుతూ తెర మీదికి వచ్చేది. "అదుగో అమ్మ, అదుగో అమ్మ," అని మా అమ్మ గిన్నె మీద గరిటెతో కొట్టేది. అది కళ్ళు నులుముకుని, పెదవి విరిచి, అమ్మమ్మ భుజంలో మొహం దాచుకునేది. నేను ఇవతల చప్పట్లు కొట్టి, పిల్లిలా అరిచి, నానా కోతి వేషాలూ వేసేదాన్ని. ఎండాకాలంలో నా వెనక కిటికీలో చెట్టు కనపడేది, దాని మీద వాలే పావురాలని చూసి అది కేరింతలు కొట్టేది. ఇప్పుడు నా వెనకంతా నలుపే. నవంబరు సగానికి వచ్చేసరికి బస్సు దిగేటప్పటికే వీధి దీపాలు వెలిగేవి. స్టాపు నించి ఇంటిదాకా పరిగెత్తేదాన్ని. ఆలస్యమైన ఒక్కో నిమిషం ఆ పిల్ల కళ్ళ మీదే పడుతోందని తెలిసినా, ఇల్లు చేరాక ఫోన్ చెయ్యకుండా ఉండలేకపోయేదాన్ని. కాలుగాలిన పిల్లిలా గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, మూడోసారి లాప్‌టాప్ తెరిచేదాన్ని.

ఒకరోజు తెర వెలగ్గానే పిల్ల గుక్కపట్టి ఏడుస్తూ కనిపించింది. మోచేతి పైన ఎర్రగా కమిలి ఉంది.

"గిల్లావా దాన్ని?" అన్నాను.

"గిల్లకపోతే ఎట్టా మేలుకుంటదే?" అంది అమ్మ. ఆవిడ కళ్ళూ నిద్రలేక ఉబ్బి ఉన్నాయి. "నీళ్ళు కొట్టా, పాటలు పాడా, చంకనేసుకుని వాకిట్లో తిప్పా. రోజూ చూడాలని నువ్వేగా అంటన్నావ్. నాకూ చేతనవటం లేదే తల్లీ."

పాపని పడుకోబెట్టమని చెప్పి కట్ చేశాను. ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మర్నాడు డెనీస్ దగ్గరికి వెళ్ళి నాకు నైట్ షిఫ్టులు వెయ్యమన్నాను. చలికాలంలో నైట్లు చేసేవాళ్ళు దొరక్క తల పట్టుకుని ఉందేమో, క్రిస్మస్ దాకా అయిపోయిందన్న రోటా ఐదు నిమిషాల్లో మారిపోయింది. వచ్చే సోమవారం నించి అంది. నైట్లయితే మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను. అక్కడ అప్పుడే దీపాలు పెట్టిన వేళ, పిల్ల ఆటల్లో ఉంటుంది.

"మరి మనిద్దరం ఎప్పుడు కనపడతాం?" అన్నాడు మా ఆయన.

"గుమ్మంలో," అన్నాను.

అతను నవ్వలేదు. లేచి, నా కోసం గదిలో మందపాటి కర్టెన్లు బిగించాడు, పగలు నిద్ర పట్టాలని.

సోమవారం దాకా పిల్లని లేపొద్దని అమ్మకి గట్టిగా చెప్పాను. ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు.

మొదటి నైట్ చేసి వచ్చి పడుకున్నాను కానీ కన్ను మూతపడితే ఒట్టు. లేచి తలంటుకుని, జడేసుకుని, దానికి ఇష్టమైన పసుప్పచ్చ చుడీదార్ వేసుకున్నాను. రెండయ్యేదాకా ఆగటం నా వల్ల కాలేదు, ముందే కాల్ నొక్కాను.

అమ్మ ఒక్కతే తెర మీదికి వచ్చింది.

"పాపేది? పడుకుందా?"

"ఇంత పెందలాడే ఏం పడుకుంటదే, ఇప్పటిదాకా ఇక్కడే ఆడుకుంటంది." అమ్మ పక్కకి చూసింది. "ఈ స్కైపు మోత వినపడంగానే మంచం కిందికి దూరింది. వచ్చేస్తదిలే."

"ఎప్పట్నించి ఇలా?"

"ఆ రాత్రిపూట లేపుళ్ళు ఎక్కువైన కాడ్నించీ ఇంతే. నాలుగు రోజులు ఈ మోత లేకపోతే అదే మర్చిపోద్దని నీతో అనలా."

"లాప్‌టాప్ కిందపెట్టమ్మా," అన్నాను.

అమ్మ దాన్ని నేల మీద పెట్టి మంచం వైపు తిప్పింది. ట్రంకుపెట్టె పక్కన, గోడకి ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంది నా కూతురు. నిద్రపోతున్నట్టు కళ్ళు గట్టిగా మూసుకుంది. అంత గట్టిగా మూసుకోవటంతో రెప్పలు అదురుతున్నాయి.

"ఏంజీ," అన్నాను. ఇంకా గట్టిగా మూసుకుంది.

బయటికి లాగుతానని అమ్మ వంగబోయింది. వద్దన్నాను.

"పడుకో తల్లీ," అన్నాను. "అమ్మ నిన్ను లేపదు."

అది కళ్ళు తెరవలేదు. కాల్ ఆపెయ్యనా అని అమ్మ మెల్లిగా అడిగింది. ఆపొద్దన్నాను.