కత్తిరించిన సాక్ష్యం

తన షుగరు తగ్గిందని చర్చిలో గ్రేస్ నిలబడి చెప్పిన సాక్ష్యం చాంతాడంత. తమ్ముడు ఫిన్నీ దాన్ని కత్తిరించి, చైతన్యపురిలోని తన మెడికల్ షాపు ఇన్‌స్టా పేజీలో పెట్టింది బెత్తెడు. అందులో దేవుడు లేడు, డాక్టరూ లేడు. షుగరు ఇంజెక్షన్ పేరు, దాంతో సన్నబడ్డ గ్రేస్ నవ్వు, కింద షాపు నంబరు మాత్రం మిగిలాయి.

"తీసెయ్ రా. డాక్టరు చీటీ మీద అమ్మే మందుకు గిట్ల ప్రచారం చేయొద్దని నువ్వే అంటుంటివి గదా," అంది గ్రేస్.

"అది అడ్వర్టైజ్‌మెంటుకక్కా. గిది సాక్ష్యం," అన్నాడు ఫిన్నీ.

ఆహా, ఏం తెలివి! గ్రేస్‌ది మాత్రం కాలు కాలిన పిల్లి వాటమైంది. వనస్థలిపురం బస్సులో ఎవరైనా తేరిపార చూస్తే చాలు, వీళ్లూ కొన్నారేమోనని ముఖం కిటికీ వైపు తిప్పుకునేది.

భయపడ్డంతా అయింది. చర్చిలో పాటలు పాడే మృదుల, షుగరూ గిగరూ ఏమీ లేని పిల్ల, ఆ వీడియో చూసి ఫిన్నీ దగ్గర చీటీ లేకుండానే కొని పొడుచుకుంది. వాంతులు ఆగక ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానలో చేరింది. గ్రేస్ పరుగున వెళ్లేసరికి సెలైన్ ఎక్కుతోంది.

"డాక్టరుకు చూపించుకోవద్దా తల్లీ?"

"మీరు చూపించుకున్నరా అక్కా? వీడియోల చెప్పలే గదా," అంది మృదుల నీరసంగా.

గ్రేస్‌కి తల కొట్టేసినట్టయింది.

ఫిన్నీ భయపడి వీడియో తీసేశాడు. "ఇగ ఎవ్వరికీ చెప్పకక్కా. లైసెన్స్ పోతది, నా పిల్లలు రోడ్డున పడ్తరు," అని చేతులు పట్టుకున్నాడు. గ్రేస్ సరేనంది. కానీ ఆదివారం చర్చి మెట్ల మీదే సారమ్మ అనే పెద్దావిడ ఆపి, "గా ఇంజెక్షన్ పేరేంది బిడ్డా? నా కోడలికి గూడ తెప్పిస్త," అంది.

ఆరాధన మధ్యలో పాస్టరు గారు సాక్ష్యాలకు పిలవగానే గ్రేస్ లేచి మైకు అందుకుంది. అక్కడ సౌండు చూసుకునేది ఫిన్నీయే. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"పోయినసారి నేను చెప్పిన సాక్ష్యంల ఒక మాట కోసేసిన్రు," అంది గ్రేస్. "డాక్టరు రాసిస్తెనే నేను వాడిన. మృదులకు చీటీ లేకుంటనే అమ్మిన్రు..."

మైకు ఆగిపోయింది.

గ్రేస్ తమ్ముడి వంక చూసింది. ఎత్తుకుని పెంచిన తమ్ముడు. మైకు బల్ల మీద పెట్టి, వెనక వరుస దాకా వినపడేట్టు గొంతెత్తి, వాడి పేరుతో సహా మొదటి నుంచీ చెప్పింది.