చాయ్ టైం రింగు

స్వప్న గాజులు కీబోర్డుకు తగిలి గలగలమన్నప్పుడల్లా పక్క గదిలో టైపు చేసే అమ్మాయిలు కిసుక్కున నవ్వుతారు. పెళ్లయి ఇంకా రెండు నెలలు కాలేదు. ఆ నవ్వు వినడం స్వప్నకు పండగలా ఉంటుంది. ఇవాళ మాత్రం ఎవరూ నవ్వలేదు. సొరంగం మళ్లీ కూలింది.

సొరంగం అన్నది వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు. అమెరికాలో ఒక ఆసుపత్రి డాక్టర్లు రోగుల సంగతులు మాటల్లో చెప్పి పంపితే, మాదాపూర్‌లోని ఈ మూడు గదుల ఆఫీసులో అమ్మాయిలు అవి విని రిపోర్టులు టైపు చేస్తారు. రోగుల గుట్టు దారిలో ఎవరి కంటా పడకూడదని ఆసుపత్రివాళ్ల షరతు. అందుకని యజమాని వెంకటనారాయణ అక్కడే ఒక సర్వరు అద్దెకు తీసుకున్నాడు. దానికీ ఈ కంప్యూటరుకూ మధ్య, ఎవరూ తొంగిచూడలేని వీపీఎన్ అనే ఈ రహస్య దారి వేసింది స్వప్న. డిగ్రీలో నేర్చింది కొంచెం, లైనక్స్ సీడీలో చదివింది బోలెడు. తను ఎన్నడూ చూడబోని ఆ సర్వరు పెట్టె మొదటిసారి బదులు పలికిన రోజు, పట్టలేని సంతోషంతో అందరికీ ఉస్మానియా బిస్కట్లు పంచిపెట్టింది.

ఆ సంతోషం ఒక్క పూటే. తర్వాత నుంచి సొరంగం ఉన్నట్టుండి తెగిపోతోంది. ఇంటర్నెట్టు వచ్చేది స్వప్న బల్ల మీది ఫోను లైనులోంచే, మోడెం పెట్టె ద్వారా. తెగితే కంప్యూటరు తనంతట తనే మళ్లీ ఫోను కలుపుకునేలా ఏర్పాటు చేసింది కానీ, సగం వెళ్లిన రిపోర్టుల కట్ట మళ్లీ మొదటి నుంచి వెళ్లాల్సిందే. ఇవాళ సాయంత్రానికి, అంటే అక్కడ తెల్లారేసరికి, రిపోర్టులన్నీ చేరకపోతే పని వేరేవాళ్లకిస్తామని నిన్ననే ఆసుపత్రి నుంచి మెయిలొచ్చింది.

"రోగం ఎక్కడుందో తెలిసిందామ్మా?" వెంకటనారాయణ గుమ్మంలో నిలబడి అడిగాడు. పొద్దుటి నుంచి అతను కుర్చీలో కూర్చోలేదు.

"మోడెం మార్చిన సార్. వైరు మార్చిన. సర్వరుల అంతా తీసేసి మల్ల ఎక్కించిన." స్వప్న వేళ్ల మీద లెక్కపెట్టింది. "నిన్నటికంటె ఇయ్యాలనే ఎక్కువ తెగుతుంది."

"ఆ పిల్లలందరికీ రేపు ఏం చెప్పనండీ నేను?" అన్నాడు, ఆమెతో కాదు, గోడతో.

స్వప్న కిటికీ వైపు తిరిగింది. దూరంగా సైబర్ టవర్స్ గుండ్రటి అద్దాల మీద ఒక మబ్బు తునక వంగి జారుతోంది. రోజూ అయితే దాన్ని చూసి మురిసిపోయేది, రాత్రి తిరుపతికి చెప్పేది. తిరుపతి ఆమె మేనబావ, ఇప్పుడు మొగుడు. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరు. చాయ్‌కి బయటికొచ్చినప్పుడల్లా గేటు పక్క కాయిన్ ఫోను నుంచి ఆమె బల్ల మీది ఫోనుకు ఒక్క రింగిచ్చి పెట్టేసేవాడు. ఎత్తక్కర్లేదు. 'తిన్నవా?' అని దానర్థం. ఇప్పుడా లైను పొద్దంతా మోడెం చేతిలోనే ఉంటోంది. పాపం ఎంగేజ్ విని వెనక్కి పోతున్నాడేమోనని ఆమెకు బెంగ. నిన్న రాత్రి మూసాపేట ఇంట్లో ఆమె ఏడుస్తుంటే, సొరంగం సంగతి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తువ్వాలతో కళ్లు తుడిచి "ఫికర్ జెయ్యకు" అన్నాడు.

"స్వప్నా! సగం దాటింది!" టైపిస్టు ప్రియదర్శిని పక్క గదిలోంచి అరిచింది. అంతలోనే గొంతు పడిపోయింది. "అయ్యో, పోయిందే!"

వెంకటనారాయణ తల పట్టుకుని కూలబడ్డాడు. మరుక్షణమే అతని బల్ల మీది ఫోను మోగింది. ఎత్తి, విని, నీరసంగా రిసీవరు చాచాడు. "నీకేనమ్మా. మీ ఆయనట."

సారు ఫోనుకు తిరుపతి ఎన్నడూ చేయలేదు. స్వప్న సిగ్గుతో సగం చచ్చి అందుకుంది.

"ఏందే, పానం మంచిగుందా? నువ్వు పరేషాన్ల ఉన్నవని ఇయ్యాల పొద్దటి సంది రింగులిస్తనే ఉన్న. ఇప్పుడు గూడ ఇచ్చిన."

"ఎంగేజ్ రాలేదా బావా?"

"ఎంగేజ్ ఎందుకొస్తది? ఖుషీగ మోగింది."

"ఇప్పుడా?"

"గిప్పుడే. అది పెట్టేసి సారు నంబరుకు చేసిన. ఎన్కల మంది నిలవడ్డరు, మల్ల చాయ్ టైంల ఇస్తా!"

"బావా, ఇయ్యకు! బావా..."

పెట్టేశాడు. తిరిగి చేద్దామంటే అది కాయిన్ ఫోను.

స్వప్నకు అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో, లైను ఎప్పుడూ ఎంగేజే అని అతను అలిగితే, డైరెక్టరీలో చూసి ఆ లైనుకు కాల్ వెయిటింగ్ పెట్టింది తనే. అది ఉంటే, లైనులో మాట నడుస్తున్నా మరొకరు ఫోన్ చేస్తే వాళ్లకు ఎంగేజ్ రాదు, రింగే వినిపిస్తుంది; మాట్లాడేవాళ్ల చెవిలో మాత్రం కీక్ మంటుంది. మనిషైతే ఓర్చుకుంటాడు. మోడెం మాత్రం ఆ కీక్‌కి బెదిరి లైను వదిలేస్తుంది. తను ఏడ్చినకొద్దీ అతను ధైర్యం చెబుతున్నాడు, అతను ధైర్యం చెప్పినకొద్దీ సొరంగం కూలుతోంది.

ఈలోగా మోడెం కీచుమని అరిచి మళ్లీ కలిసింది. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. స్వప్న పరుగున వెళ్లి మోడెం నుంచి ఫోను తీగ లాగేసింది.

"ఏం చేస్తున్నావమ్మా! ఈ వేళప్పుడు మళ్లీ కలుస్తుందా అది?"

"కలవకుంటె నన్ను తిట్టుండ్రి సార్."

తీగ ఫోనుకు తగిలించి, కాల్ వెయిటింగ్ తీసేసే నంబరు తిప్పింది. తీగ మళ్లీ మోడెంకు పెట్టింది. మోడెం డయల్ చేసింది. అవతల ఇంటర్నెట్టు వాళ్ల లైను ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజ్. అమ్మాయిలందరూ టైపు ఆపి ఆమె వెనక గుంపుకట్టారు. ఎన్నిసార్లయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. చివరికి కీచుమంది. రిపోర్టుల కట్ట మొదటి నుంచి బయల్దేరింది.

చాయ్ టైమైంది. మోడెం దీపం మీద నుంచి స్వప్న కళ్లు తీయలేదు. దీపం ఆరలేదు.

సారు బల్ల మీది ఫోను మోగింది. వెంకటనారాయణ ఎత్తి ఆమెకు ఇచ్చేశాడు.

"ఏందే ఇది? నీ లైను ఎంగేజొస్తుంది!"

"నిజంగనా? మల్లొకసారి చెప్పు బావా."

"ఎంగేజ్ అంటున్న గద! చెవుడా?"

వెనక ప్రియదర్శిని కెవ్వున అరిచింది. "వెళ్లిపోయాయి! అన్నీ వెళ్లిపోయాయి!" వెంకటనారాయణ గబుక్కున లేచి ఆ గదిలోకి పరిగెత్తాడు.

"ఇగ రోజూ గట్లనే వస్తది," స్వప్న కళ్లు తుడుచుకుంటూ అంది. గాజులు గలగలమన్నాయి. "ఎంగేజొస్తే నేను మంచిగున్నట్టు."

"సరె. తిన్నవా మరి?"

బల్ల మీద టిఫిన్ డబ్బా పొద్దున పెట్టినట్టే ఉంది, మూత కూడా తీయలేదు.

"తినలే," అంది స్వప్న.