రెండో చరణంలో మాటలు

మా నాన్న రామ్మోహన్‌కి తెనాలిలో మైక్‌సెట్ షాపు. ఆయన నాకు నేర్పింది ఒకే ఒక్క పద్ధతి: ఆఖరి వరుసలో నిలబడు, అక్కడ మాట అర్థం కాకపోతే తప్పు నీదే. కెనడాలోని బర్నబీ వచ్చి సౌండ్ ఇంజినీరింగ్ చదివినా నేను ఆ పద్ధతి వదల్లేదు.

టిన్ మెయిల్‌బాక్స్ అమెరికా బ్యాండు. పదకొండేళ్లు, నాలుగు ఆల్బమ్‌లు, ఒకటే డొక్కు వ్యాను. గిటార్ల హోరులో గొంతు మునిగిపోవడం వాళ్ల స్టైలట. పత్రికలు కూడా తెగ మెచ్చుకున్నాయి. నేను మాత్రం ఒప్పుకోను. నేను పనిచేసే మ్యూజిక్ హాల్లో వాళ్ల షోకి మొదటిసారిగా సౌండ్ బాధ్యత నా ఒక్కదానిదే. బాగా జరిగితే ఉద్యోగం పర్మనెంటు, లేదంటే మళ్లీ వైర్లు చుట్టుకోవడమే.

"గొంతు జోలికి పోకమ్మా దేవిశ్రీ, వాళ్లకి అట్లాగే ఇష్టం," అన్నాడు హాలు మేనేజరు సలేష్ అంకుల్. ఫిజీలో పుట్టినా నాయనమ్మ నేర్పిన తెలుగు ఆయన మరిచిపోలేదు.

మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో, మైకుల సౌండ్ మార్చే ట్యాబ్ పట్టుకుని ఆఖరి వరుసకి వెళ్లాను. వాళ్ల పేరుమోసిన పాటే, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ట్యాబ్‌లో సింగర్ మైకు సౌండ్ పెంచాను. మొదటి చరణం చక్కగా వినబడింది. రెండో చరణంలో సింగర్ క్యాలెబ్ "నానా రేరా" అంటున్నాడు. డ్రమ్స్ ఆగిపోయాయి.

"దీనికి మాటల్లేవా?" అంది డ్రమ్మర్ నోరా.

క్యాలెబ్ ముఖం ఎర్రబడింది. "అప్పట్లో రాయడానికి టైం లేదు. తర్వాత ఎవరూ అడగలేదు."

"పదకొండేళ్లుగా అది నా గురించే అనుకుంటున్నా," అంది నోరా.

అతను నావైపు తిరిగి, "ప్లీజ్, తగ్గించు," అన్నాడు.

"తగ్గించను. షోకి నాలుగు గంటలుంది, రాసుకో."

సలేష్ అంకుల్ తల పట్టుకున్నాడు. అయినా నేను తగ్గించలేదు.

క్యాలెబ్ వ్యానులోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఏడింటికి స్టేజి ఎక్కేసరికి అతని అరచేతి నిండా పెన్ను గీతలే. రెండో చరణం వచ్చింది. వ్యాను ముందు సీట్లో కూర్చుని దారి చెప్పే అమ్మాయి గురించి, ఊరూరా తనకంటే ముందు లేచి కాఫీ తెచ్చే అమ్మాయి గురించి పాడాడు. డ్రమ్స్ మీద నోరా ఒక దెబ్బ తప్పింది.

నా పక్కన, ఆఖరి వరుసలో, సలేష్ అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "వైర్లు చుట్టడానికి రేపట్నించి ఇంకొకళ్లని చూడాల."

"ఉష్! మాటలు వినండి అంకుల్," అన్నాను.