తెల్ల బండికి ముందు

షుక్రియె పెరట్లో పొరల రొట్టె కాలుస్తోంది. పళ్లెంలో పిండి చారలుగా పోయాలి, నిప్పుల్లో కాగిన ఇనప మూత బోర్లించాలి, తీసి మీగడ రాయాలి, మళ్లీ చారలు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవడానికి లేదు. తినేవాళ్లకి మాత్రం పావుగంట పని. యుద్ధం వచ్చాక ఆ తినేవాళ్లు పెరిగారు. భర్త బాయ్‌రుష్ ఊరి దారి కాపలాకి పెద్ద. తుపాకి పట్టినవాళ్లకీ కడుపులుంటాయని ఈ కొసోవో కొండల్లో ఆడవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తుండదు.

గేటు ముందు తెల్ల బండి ఆగి ఉంది. లోపల మందుల పెట్టెలు, స్టీరింగు దగ్గర నర్సు లుల్యె. పోయిన వారం అడవి మలుపులో ఈ బండి మీదే కాల్పులు జరిగాయి. కాల్చింది శత్రువులు కాదు, కాపలా ఉన్న ఈ ఊరి కుర్రాళ్లే. ఎవరో వేగులనుకున్నారు. లుల్యె పగిలిన అద్దానికి ప్లాస్టిక్ అంటించుకుని మళ్లీ వచ్చింది. చేతిలో కర్రయినా లేదు. ఇంత ధైర్యం ఎక్కడ దాచుకుందా అని షుక్రియె ఆమెనే చూస్తోంది.

"మలుపు దాటితే నా పూచీ లేదమ్మా," అంటున్నాడు బాయ్‌రుష్. "అయినా నువ్వు పోతానంటున్న ఆ మిల్లు పల్లెలో ఉన్నది మనవాళ్లా? వాళ్ల భాష వేరు, దేవుడు వేరు."

"పిల్లలకి తట్టు పోసిందన్నా. ఆ సంగతేదో తట్టుకి చెప్పి చూడు."

"నేను తోడొస్తే ఊరంతా నా మొహాన ఉమ్ముతుంది. బండి తిప్పుకో."

ఆడదంటే గోనెసంచి, మొయ్యడానికే పుట్టిందని పెళ్లైన కొత్తలో మామగారన్నాడు. అది పెద్దల కట్టుబాటట. ఆ పెద్దలే ఇంకో కట్టుబాటూ పెట్టారు. ఆడది తోడు నడిచే బాటసారి మీద తుపాకి ఎత్తకూడదు. ఎత్తినవాడి ఇంట్లో ఎవరూ మంచినీళ్లు తాగరు. ఇళ్ల మధ్య పగలు రగిలిన రోజుల్లో షుక్రియె తాత, నాయనమ్మని ముందు నడిపించుకునే సంతకి వెళ్లేవాడు. గోనెసంచి వెనక దాక్కుని బతికిన మగాళ్లు ఎంతమందో!

షుక్రియె చేతులు తుడుచుకుని వెళ్లి బండి ముందు నిలబడింది. "మెల్లిగా నా వెనకే రా."

"నేనూ ఆడదాన్నేగా అక్కా, అయినా నా మీద కాల్చారుగా?"

"అద్దం వెనక ఎవరున్నారో అడవికి కనబడదు. నేను కనబడతాను."

"ఏమే, మతి పోయిందా?" బాయ్‌రుష్ అరిచాడు. ఆమె నడిచింది. బండి వెనకే కదిలింది.

మలుపులో కొమ్మలు కదిలాయి. తుపాకి గొట్టం మెరిసింది. "ఎవరది?"

"మీ షుక్రియె పిన్నినిరా, రోజూ మీకు రొట్టె కాల్చేదాన్ని. వెనక వచ్చేది నా చుట్టం."

గొట్టం నేలకి దిగింది. "వెళ్లు పిన్నీ," అంది పొద.

లుల్యె ప్లాస్టిక్ పక్కనుంచి తల బయటపెట్టింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "చాలక్కా, ఇంక ఇంటికెళ్లు."

"తిరిగొచ్చేటప్పుడు నీ ముందు ఎవరు నడుస్తారు?"

గేటు దగ్గర్నుంచి బాయ్‌రుష్ కేక వినబడింది. "ఒసే, మూత కింద రొట్టె మాడుతోందే!"

షుక్రియె మిల్లు పల్లె దారిలోకి తిరుగుతూ, కొండంతా వినబడేలా చెప్పింది.

"పిండి అక్కడే ఉంది. తర్వాతి పొర మీరు పోయండి."