చప్పుడు చెయ్యని వానకోటు

ఆగస్టు చివర్లో ఆర్విడ్ తన కొట్లో రేడియో కట్టేస్తాడు. వేటగాళ్ళు వానకోట్లు కొనే రోజులవి. ఒక్కొక్కరూ కోటు తొడుక్కుని, కళ్ళు మూసుకుని, కోటు చేతులు రెండూ చెవి దగ్గరికి తెచ్చుకుని ఒకదానితో ఒకటి రాసి చూస్తారు. నీళ్ళు ఆపుతుందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. గరగరమందంటే దుప్పి ఆ కొండ దాటి అవతల కొండెక్కేస్తుంది, ఇక ఎంత గొప్ప కోటైతే ఏం లాభం? అందుకే ఒకరు వింటుంటే మిగతావాళ్ళు దగ్గు వచ్చినా మింగేస్తారు.

ఆ రోజు వంతు ఐలివ్‌ది. పక్కనే అతని భార్య గున్వోర్. పెళ్ళైన ఏడాది నుంచీ ఇద్దరూ దుప్పి కోసం పొంచి కూర్చునేది ఒకటే మాటులో, పై గడ్డిచేను అంచున సూదుల్లాంటి ఆకుల స్ప్రూస్ చెట్ల కింద. పడమటి నార్వే వాన ఇన్నేళ్ళూ వాళ్ళిద్దర్నీ కలిపే తడిపింది. ఐలివ్ పాత మైనపుగుడ్డ కోటుకి వీపు మీద కుట్లు ఊడిపోయాయి. తడిసిందంటే చాలు, అది మోస్తూ కొండెక్కడానికి అతని మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. తేలికది కొనుక్కోమని పోరుపెట్టి మరీ తీసుకొచ్చింది గున్వోర్.

ఆర్విడ్ మూడు కోట్లు బల్ల మీద పరిచాడు. మొదటిది ఉన్నిలా మెత్తగా ఉంది, కాస్త బరువు. రెండోది మధ్యరకం. మూడోది మడిస్తే పిడికిట్లో పట్టేస్తుంది.

ఐలివ్ మూడోది తొడుక్కున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చేతులు చెవి దగ్గరికి తెచ్చి రాశాడు.

చిప్స్ పొట్లం నలిపినట్టు కొట్టంతా కరకరలాడింది.

"అబ్బ!" అన్నాడు ఐలివ్ కళ్ళు తెరిచి. మొహం వెలిగిపోతోంది. "ఇంత పల్చటిది, చీమ నడిచిన చప్పుడన్నా లేదే! ఆర్విడ్, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావురా దీన్ని?"

వేళాకోళం ఆడుతున్నాడనుకుని ఆర్విడ్ నవ్వబోయాడు. ఐలివ్ మొహం చూసి ఆగిపోయాడు.  కెటిల్ కూతపెడుతున్నా కుర్చీలోంచి లేవడని, ఒళ్ళంతా బద్ధకమేనని ఈమధ్య గున్వోర్ అతన్ని ఎన్నిసార్లు తిట్టిందో! మాటలన్నీ బాగానే వినిపిస్తున్నాయి కదా అనుకుంది. సన్న చప్పుళ్ళు అతన్ని వదిలి వెళ్ళిపోయాయని ఆమెకి ఇప్పుడు తెలిసింది.

ఆర్విడ్ నోరు తెరిచాడు. వద్దన్నట్టు గున్వోర్ కళ్ళతోనే అడ్డుపడింది.

"ఆ మెత్తటిది తీసుకో ఐలివ్," అంది. "నీ వంటికి వెచ్చగా ఉంటుంది."

"తడిసిన గొర్రెని వీపున కట్టుకుని తిరగమంటావా? మోకాళ్ళు మోకాళ్ళు అని నువ్వేగా నా ప్రాణం తీశావు!"

"రంగు కూడా దానిదే బాగుంది."

"దుప్పికి రంగుతో ఏం పని? దానిక్కావలసింది నిశ్శబ్దం," అని పెద్ద గురువులా వేలెత్తి చెప్పాడు. పాపం గున్వోర్ కోటు పొట్లం కట్టించేసింది.

ఇంటికి వెళ్తున్నంతసేపూ అతను హుషారుగా ఈలపాట పాడుతూనే ఉన్నాడు. ఆమెకేమో తమ వేటజట్టులోని హాల్వర్ గుర్తొచ్చాడు. పోయిన ఏడు హాల్వర్‌కి చెవులు మందగించాయని తెలిసిపోయింది. జట్టువాళ్ళు అతని మాటు ఇంకొకరికిచ్చి, అతన్ని పశువుల కొట్టం దగ్గర కాఫీ కాచే పనికి పెట్టారు. ఆ పూట హాల్వర్ మొహం చూసి ఆమెకి అన్నం సయించలేదు. ఇప్పుడు ఐలివ్‌కి చెప్తే ఇతనూ అలాగే అయిపోతాడు. చెప్పకపోతే, ఆ కోటుతో దుప్పులన్నిటినీ తరిమేసి అందరిలో నవ్వులపాలవుతాడు. మొగుడి మీద అంత ప్రేమ ఉండి కూడా నోరు పెగల్లేదంటే, ఆ ప్రేమ వల్లే పెగల్లేదు.

వేట మొదలైన రోజు తెల్లవారుజామునే ఇద్దరూ మాటులో కూర్చున్నారు. సన్నటి తుంపర. గాలి వాళ్ళవైపే వీస్తోంది, మనిషి వాసన దుప్పికి అందదు, అంతకన్నా మంచి పొద్దు దొరకదు. వెలుగు రాగానే ఒక ఆడదుప్పి చెట్లలోంచి మెల్లగా గడ్డిలోకి దిగింది. తల వంచి మేస్తోంది. ఐలివ్ తుపాకీ ఎత్తాడు.

కర్ర్ర్‌మంది కోటు చెయ్యి.

దుప్పి తల ఎత్తి సూటిగా వాళ్ళకేసి చూసింది. మరుక్షణం గడ్డిచేనులో ఏమీ లేదు.

ఐలివ్ తుపాకీ దించాడు. గడ్డిపరక తుంచి గాల్లో వదిలి చూశాడు. గాలిలో తప్పు లేదు. ఆమెకేసి చూశాడు, ఆమె కదల్లేదు. అప్పుడు తన చేతికేసి చూసుకున్నాడు. మెల్లగా దాన్ని చెవికి ఆనించుకుని రెండో చేత్తో రాశాడు. మళ్ళీ రాశాడు.

"గున్వోర్, ఇది చప్పుడు చేస్తోందా?"

లేదనేద్దామనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళుగా ఈ చెట్ల కింద ఆమె అతనితో ఒక్క అబద్ధం ఆడలేదు.

"చేస్తోంది."

"ఎంత?"

"చాలా."

"కొట్లోనే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఆర్విడ్‌కి?"

ఆమె తలూపింది. ఐలివ్ మొహం ఎర్రబడింది. "బాగుంది! ఇద్దరూ కలిసి నన్ను ఆడించారన్నమాట. నోరు లేదుటే నీకు?"

"ఉంది! నీ మొహం అంత వెలిగిపోతుంటే ఎలా తెరవమంటావు దాన్ని? నిన్ను హాల్వర్ పక్కన కెటిల్ పట్టుకుని ఎలా చూడమంటావు?" అనేసి ఏడ్చేసింది గున్వోర్. వానలో ఏడుపు కనపడదంటారు గానీ, అదేం నిజం కాదు.

ఐలివ్ కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. కోటు విప్పి పక్కన పడేశాడు. ఉన్ని స్వెట్టరు మీద తుంపర ముత్యాల్లా నిలిచింది.

"ఊరుకో," అన్నాడు. "దీన్ని పడవలో వేసుకుంటాలే. చేపలేం వింటాయి? జట్టుకి నేనే చెప్తా. ఈ మాటు నీ పేరున రాయించుకుందాం. తుపాకీ నువ్వు పట్టుకో, నేను పక్కన కూర్చుంటా. కాఫీ మాత్రం నీకొక్కదానికే కాస్తా, ఇంకెవడికీ కాయను."

గున్వోర్ ముక్కు తుడుచుకుంది. ఏదో తేలికైనట్టుంది. అతను మాత్రం ఇంకా ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు. అడగాలా వద్దా అన్నట్టు అడిగాడు.

"అయితే... రాజుపిట్టలు?"

"ఏ రాజుపిట్టలు?"

"అదే, నెత్తిన పసుపు గీతతో బొటనవేలంత ఉంటాయి చూడు. ఈ చెట్లలో తెల్లారితే చాలు అరిచేవి. ఎప్పట్నుంచో ఒక్కటీ వినపడ్డంలేదు. అడవి పాడైపోయింది, అన్నీ చచ్చిపోయాయనుకున్నా. నీకు అవంటే ప్రాణం కదా, తెలిస్తే ఏడుస్తావని ఆ ఊసే ఎత్తలేదు."

 గున్వోర్ పొద్దున్నించీ వాటినే వింటోంది. అతని చుబుకం పట్టుకుని మెల్లగా మొహం పైకెత్తింది. నెత్తిమీది కొమ్మలో, తడిసిన ఆకుసూదుల మధ్య ఒక చిన్న పసుపు గీత ఇటూ అటూ గెంతుతోంది. దాని వెనక ఇంకొకటి.

"ఉన్నాయా!" అన్నాడు ఐలివ్ చిన్నపిల్లాడిలా. "అరుస్తున్నాయా?"

"చెవులు చిల్లులు పడేలా."

"ఎలా?"

ఆమె అతని చెవి దగ్గరికి వంగింది. ఎంత సన్నంగా చేతనైతే అంత సన్నంగా, "సిర్... సిర్... సిర్..." అంది.

అతను కళ్ళు మూసుకున్నాడు.

"మళ్ళీ అను," అన్నాడు.